నొప్పి తగ్గిందని కొబ్బరికాయ కొట్టాను

నా గడ్డం కింద అంగుళంన్నర పొడవున ఒక గీత ఉంది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు అది చూసి "పడ్డారా అమ్మా?" అని అడుగుతుంటారు. పన్ను వల్ల అని చెబితే ఎవరూ నమ్మరు. మే నెలలో జరిగినదాన్ని చెయ్యి వణకకుండా రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

మాది విశాఖపట్నం, కంచరపాలెం. ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. సంక్రాంతికి అరిసె కొరికినప్పుడు కుడివైపు కింది దవడ పన్ను మొదటిసారి జివ్వుమంది. చల్లటి నీళ్లు తాగినా జివ్వుమనేది, క్షణంలో సర్దుకునేది. ఫిబ్రవరికి తీరు మారింది. వేడి టీ తగిలితే మొదలైన పోటు పావుగంటైనా వదిలేది కాదు. రాత్రి పడుకుంటే చెవి దాకా, కణత దాకా లాగేది. లేచి గోడకు ఆనుకుని కూర్చుంటే కాస్త నయం. ఆ మార్పే పన్ను లోపలి నరం వాచిందనడానికి గుర్తట. అప్పుడే వెళ్లి ఉంటే రూట్ కెనాల్‌తో పన్ను నిలిచేదని తరువాత డాక్టరమ్మ చెప్పారు.

నేను మాత్రం లవంగ నూనెలో దూది ముంచి పెట్టుకున్నాను. అది నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. పెళ్లిళ్ల రోజులు, చేతినిండా బట్టలు. దానికి తోడు మా అత్తయ్య, "దవడ పన్ను పీకిస్తే చూపు పోతుందే, మా పెద్దమ్మకు అలాగే అయింది" అన్నారు. సూదిలో దారం ఎక్కించి బతికేదాన్ని, ఆ మాటకు నిజంగా హడలిపోయాను. పంటికి వెళ్లే నరం వేరు, కంటికి చూపునిచ్చే నరం వేరు, ఒకదానికొకటి సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క నాకు ఎవరైనా ఫిబ్రవరిలో చెప్పి ఉంటే!

మార్చి చివర్లో నొప్పి దానంతటదే పోయింది. ఎంత సంతోషించానో! బురుజుపేట వెళ్లి కనకమహాలక్ష్మి అమ్మవారికి నా చేతులతోనే పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వచ్చాను. నొప్పి పోయింది నరం చచ్చిపోయినందుకు. ఏప్రిల్ అంతా నాకు ఏ బాధా లేకుండానే వేరు చివర ఎముకలో చీము చేరుతూ ఉంది.

మేలో ఒక గురువారం దవడ కింద వాపు మొదలైంది. మందుల షాపులో చెబితే మూడు రోజులకు మాత్రలు ఇచ్చారు. చీము గడ్డలోకి రక్తం అందదు, కాబట్టి మందూ సరిగా చేరదు, దాన్ని బయటికి తీయాల్సిందే. షాపులో కూర్చున్న కుర్రవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. అతని మీద నాకు కోపం లేదు.

శనివారం రాత్రి మా ఆయన నైట్ షిఫ్టులో ఉన్నారు. ఒంటిగంటకు మెలకువ వచ్చేసరికి దిండు తడిసిపోయి ఉంది. ఉమ్మి మింగుడు పడక నోటి చివర నుంచి కారిపోతోంది. గడ్డం కింద చెయ్యి పెడితే మెత్తటి వాపు కాదు, చెక్కలా గట్టిగా, ఒక చెవి నుంచి రెండో చెవి దాకా. నోరు చిటికెన వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. నాలుక పైకి లేచి అంగిలికి తగులుతోంది. వెల్లకిలా పడుకుంటే గొంతు మూసుకుపోతోంది. అమ్మాయిని పిలిస్తే, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పక్కింటి ఆటో తమ్ముడు చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా వచ్చాడు. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. డ్యూటీ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "పంటి నొప్పికి అర్ధరాత్రి ఆసుపత్రికి వస్తారా అమ్మా? సూది వేయిస్తాను, సోమవారం పంటి డాక్టరు వస్తారు, అప్పుడు రండి" అన్నాడు. నా నోట్లోకి టార్చి వేసి చూడలేదు. నాలుక బయటపెట్టమని అడగలేదు. మింగగలుగుతున్నావా అనలేదు. నేను తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉమ్మి తుడుచుకుంటూనే ఉన్నాను, అతని కళ్ల ముందే. ఇంజెక్షను వేయించుకుని, డబ్బు కట్టి, సిగ్గుపడుతూ బయటికి వచ్చాను. అవును, సిగ్గుపడ్డాను. ఇంత చిన్నదానికి అందరి నిద్రా పాడుచేశానని.

ఇల్లు చేరాక మంచం మీద ముందుకు వంగి కూర్చున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. మా అమ్మాయి నా వీపు మీద చెవి ఆనించి వింటూ "అమ్మా, సోమవారం దాకా కాదు, ఇప్పుడే పద" అంది. ఇంటర్ చదివే పిల్ల. ఆ మాటే నన్ను బతికించింది.

మళ్లీ అదే ఆటో. ఆశీల్‌మెట్ట దగ్గర సంపత్ వినాయకుడి గుడి తలుపులు వేసి ఉన్నాయి. కదులుతున్న బండిలోంచే దండం పెట్టాను. రెండో ఆసుపత్రిలో నన్ను గుమ్మంలో చూడగానే ఒక నర్సమ్మ "పడుకోబెట్టకండి, కూర్చోనివ్వండి" అని కేక వేసింది. ఆమె పేరు అడగలేకపోయాను, ఈ రోజుకూ బాధే.

తరువాతివి త్వరత్వరగా జరిగిపోయాయి. గొంతుకు రంధ్రం చేయాల్సి వస్తే అని సంతకం పెట్టించుకున్నారు. నాకు మెలకువ ఉండగానే ముక్కులోంచి గాలిగొట్టం పంపారు. గడ్డం కింద కోసి చీము తీశారు, పన్ను పీకేశారు. షుగరు 286 ఉందని అప్పుడే తెలిసింది. షుగరు ఉన్నవాళ్లలో చీము పాకే వేగం ఎక్కువట. నాకు షుగరు ఉందనే నాకు తెలియదు. మొత్తం ఎనిమిది రోజులు.

ఈ జబ్బును లుడ్విగ్స్ ఆంజినా అంటారు. మా ఆయన ఆంజినా అనగానే గుండె అనుకుని కూలబడ్డారు. గుండెకు సంబంధం లేదు, 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించినదట. కింది దవడలో చివరి పళ్ల వేర్లు లోతుగా దిగి ఉంటాయి కనుక అక్కడి చీము నాలుక కిందికి, మెడలోకి జారుతుంది. రాత్రికి రాత్రే ఊపిరి ఆపేయగలదు.

చదివేవాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. వేడికి మొదలైన పోటు వదలకపోతే ఆ వారమే వెళ్లండి. మందు వేయకుండా నొప్పి పోతే ఇంకా ముందు వెళ్లండి. దవడ కింద వాపుతో నోరు తెరుచుకోకపోయినా, మింగుడు పడకపోయినా, గొంతు మారినా గడియారం చూడకండి. ఒకరు పొమ్మంటే ఇంకో చోటికి వెళ్లండి.

ఆ మొదటి ఆసుపత్రికి ఉత్తరం రాశాను. డబ్బు వెనక్కి అడగలేదు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు రోగి నోరు తెరిపించి చూడాలని మాత్రం రాశాను. జవాబు లేదు. ఆ డాక్టరును క్షమించమని మా ఆయన అంటారు. అమ్మవారి గుడిలో నిలబడినప్పుడు క్షమించినట్టే ఉంటుంది, తువ్వాలు ఆరేస్తున్నప్పుడు మళ్లీ ఒళ్లు మండుతుంది.

బిగిసిన దవడ కదలడానికి డాక్టరమ్మ ఒక పద్ధతి చెప్పారు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, రోజుకు ఒకటి చొప్పున పెంచడానికి ప్రయత్నించాలి. మొదటి రోజు నాలుగే పట్టాయి, కళ్ల వెంట నీళ్లు తిరిగాయి. కొన్ని వారాలు అన్నం గంజిలా జావ చేసుకుని, తాటి ముంజలు నలుపుకుని తిన్నాను. పుల్లల లెక్క మా అమ్మాయి క్యాలెండరు మీద రాసేది. చివరి అంకె పద్దెనిమిది.

ఎడమవైపు ఇంకో పిప్పి పన్ను ఉందని ఎక్స్‌రేలో తేలింది. సోమవారం దానికి రూట్ కెనాల్. అత్తయ్య కూడా నాతో వస్తానన్నారు. ఆవిడకు కదిలే పన్ను ఒకటి ఏడాదిగా ఉందట, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.