రిమార్కుల గడి

డిసెంబర్, బుధవారం రాత్రి

పొద్దున ఏడింటికి హనుమకొండ బస్టాండులో పరకాల బస్సు ఎక్కేసరికి మంచు ఇంకా విడలేదు. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు ఎనిమిదిన్నరకే మొదలవుతాయి కనుక ఈ నెల నుంచి నేనూ ముందే బయలుదేరుతున్నాను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఈ బస్సులో ఆడవాళ్లు ఎక్కువయ్యారు, నాకు కూర్చునే చోటు తక్కువైంది. అయినా నిలబడి ప్రయాణించడంలో ఒక లాభముంది. పత్తి ఏరడానికి పోయే కూలీల మాటలు చెవిన పడతాయి. ఏ ఊళ్లో రెండో ఏరుడు నడుస్తున్నదో, ఎవరి చేను ఇంకా మిగిలి ఉన్నదో విన్నానంటే, ఆ రోజు ఏ తరగతిలో ఎందరు పిల్లలు కనిపించరో హాజరుపట్టీ తెరవకముందే నాకు సగం తెలిసిపోతుంది. అలాంటి పిల్లలు మర్నాడు బడికి వచ్చినప్పుడు ‘నిన్న ఎందుకు రాలేదు’ అని అడగడం మానేసి ‘ఏరుడు అయిపోయిందా’ అని అడగడం మొదలుపెట్టాక, కడుపునొప్పి అని అబద్ధం చెప్పేవాళ్లు బాగా తగ్గారు.

నా సంచిలో ఎప్పుడూ ఒక తాళంచెవుల గుత్తి ఉంటుంది. రెండేళ్ల క్రితం పదోన్నతి మీద ఈ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వచ్చి ఛార్జి తీసుకున్న రోజున అందులో 17 చెవులు ఉండేవి, ఇప్పుడు 11 ఉన్నాయి. మిగిలిన ఆరూ పోయినవి కావు, నేను ఇచ్చినవి. గ్రంథాలయం బీరువాది తెలుగు మేడం దగ్గర, ఆటల సామాను గదిది తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర, సైన్సు బీరువాది ఆగస్టు నుంచి జీవశాస్త్రం మేడం దగ్గర ఉన్నాయి. ఇది చెప్పుకోవలసినంత గొప్ప పనేమీ కాదని బయటివాళ్లకు అనిపించవచ్చు. సర్కారు బడిలో స్టాక్ రిజిస్టరు అంటే ఏమిటో తెలిసినవాళ్లకు మాత్రం నా భయం అర్థమవుతుంది. ఒక వస్తువు తక్కువైతే లెక్క చెప్పవలసింది ప్రధానోపాధ్యాయుడే, వేళ బాగులేకపోతే జీతంలోంచి కట్టవలసిందీ ఆయనే. వాడకుండా బీరువాలో తుప్పు పట్టిన వస్తువు గురించి ఎవరూ అడగరు, పిల్లల చేతిలో విరిగిన వస్తువు గురించి మాత్రం అడుగుతారు. అందుకే మన బడులలో ఎన్నో సూక్ష్మదర్శినులు చెదపురుగును కూడా చూపించకుండానే ముసలివైపోతాయి. నేనూ మొదటి ఏడాదంతా ఆ పదిహేడు చెవులనూ సంచిలో మోసుకుంటూ, అదే బాధ్యత అనుకుంటూ తిరిగినవాడినే.

ఈరోజు ప్రార్థన అయిపోయి నేను గదిలోకి వచ్చి కూర్చోగానే ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో నోట్‌బుక్ కాగితంతో కట్టిన చిన్న పొట్లం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి విప్పాడు. అద్దం పెంకులు, ఒక గుండ్రని ఇనుప చట్రం ఉన్నాయి. నిన్న సాయంత్రం ఉల్లిపొర కణాలు చూస్తుండగా, వెలుతురు కోసం సూక్ష్మదర్శినిని కిటికీ గట్టు మీదికి జరిపాడట. అది పక్కకు ఒరిగి, కింద వెలుగును పైకి పంపే పుటాకార దర్పణం గట్టుకు తగిలి పగిలిందట.

“నా చేతులనే పలిగింది సార్. మేడంకు ఇంకా చెప్పలె. ముందుగాల మీకే చెప్దామని తెచ్చిన” అన్నాడు.

నాకు మొదట వచ్చింది కోపమేనని ఇక్కడైనా నిజం రాసుకోవాలి. కోపం వెనుక రిజిస్టరు, రిజిస్టరు వెనుక తనిఖీ, అన్నీ వరుసగా కదిలాయి. ఇంతలో వాడి బొటనవేలికి చుట్టిన గుడ్డపీలిక కనబడింది. “చెయ్యి కోసుకపోయిందా బిడ్డా?” అని అడిగాను. వాడు అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఆ మాటకు బయటపడింది. మా ఇంటికి ఫోన్ చేయొద్దు సార్ అన్నాడు. చేయనన్నాను, చేయలేదు.

ఈ పిల్లవాడు తనంతట తాను వచ్చి ఎందుకు చెప్పాడని పొద్దంతా ఆలోచించాను. పెంకులను కిటికీలోంచి బయటికి విసిరేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నాకు తోచిన కారణం వెనక్కి, నిరుటి నవంబర్‌కు పోతుంది. అది నాకు గౌరవం తెచ్చే సంగతి కాదు.

అప్పుడు పదో తరగతి పరీక్ష ఫీజులు వసూలవుతున్నాయి. నా బల్ల మీది డబ్బులో ఒక 500 నోటు తక్కువ వచ్చింది. ఆ గంటలో గదిలోకి వచ్చింది గంట కొట్టే తొమ్మిదో తరగతి పిల్లవాడొక్కడే. వాడిని వరండాలో, నలుగురు చూస్తుండగా, జేబులు తిరగేయమన్నాను. ఏమీ దొరకలేదు. ‘ఎవరికిచ్చినవ్’ అని కూడా అడిగాను. రెండు రోజుల తరువాత ఆ నోటు చలానా కాగితాల మధ్య నుంచి జారి నా ఒళ్లోనే పడింది. పిల్లవాడిని గదిలోకి పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. వాడు తల ఊపాడు, వెళ్లిపోయాడు, మళ్లీ గంట దగ్గరికి రాలేదు. వారం గడిచాక లెక్కల సార్, ఆయన నాకన్నా పదేళ్లు చిన్న, టీ తాగుతూ చాలా మామూలుగా, “అడిగింది వరండాల, తప్పయిందన్నది రూములనా సార్?” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించిందని శిక్షణలలో ఇతరులకు వివరించిన నోరు నాది. వరండాలో నేను చేసింది సరిగ్గా ఆ రెండోదే.

మర్నాడు ప్రార్థన సమావేశంలో, జాతీయ గీతానికి ముందు, ఆ పిల్లవాడి పేరు చెప్పి, జరిగింది చెప్పి, తప్పు నాదని అందరి ముందు ఒప్పుకున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది చప్పట్ల సందర్భమూ కాదు. స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురికి అది నచ్చలేదు. హెచ్చెం సారే పిల్లల ముందు తల వంచితే రేపు మా మాట ఎవరు వింటారని ఒకరు నా ముఖం మీదే అన్నారు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. గంట కొట్టే పిల్లవాడు కూడా వెంటనే తిరిగి రాలేదు, సంక్రాంతి సెలవుల తరువాత, ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

ఈ అద్దం పొట్లం ఆ ప్రార్థన సమావేశం నుంచే వచ్చిందని నా నమ్మకం. రుజువు చేయలేను. శిక్షణలో విన్న ఒక పరిశోధన మాత్రం అప్పటి కంటే ఇప్పుడు బాగా అర్థమవుతున్నది. చికాగో నగరంలోని ప్రాథమిక పాఠశాలలను 1990లలో ఏళ్ల తరబడి పరిశీలించిన ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు, పెద్దల మధ్య నమ్మకం గట్టిగా ఉన్న బడులు చదవడంలోనూ లెక్కలలోనూ మెరుగుపడే అవకాశం రెండింట ఒకటైతే, నమ్మకం కొరవడిన చోట అది ఏడింట ఒకటేనని తేల్చారు. ఎదుటివారిని గౌరవించడం, వారి బాగు కోరడం, తన పని తనకు వచ్చి ఉండడం, అన్నమాట మీద నిలబడడం, ఈ నాలుగింటినీ మనుషులు ఒకరిలో ఒకరు రోజూ చూసుకుంటూ ఉంటారని వాళ్లు చెప్పారు. శిక్షణలో ఆ నాలుగింటినీ చార్టు మీద అందంగా రాసి గోడకు అంటించాం. లెక్కల సార్ మాత్రం ఏ చార్టూ లేకుండా నాలుగోదాన్ని ఒక్క వాక్యంలో నా ముందు పెట్టారు.

మూడో పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి వెళ్లాను. జీవశాస్త్రం మేడం అప్పటికే సంగతి తెలుసుకొని, పాఠం ఆపి, పిల్లలనే ఉపాయం అడుగుతున్నారు. ఒకరు సెల్‌ఫోన్ లైటు కింద పెడదామన్నారు. పెట్టి చూశారు, వెలుగు కళ్లలోకి కొట్టింది, దాని మీద పలుచటి తెల్ల కాగితం కప్పితే కొంత నయమైంది. ఇంతలో వెనుక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు లేచి, “మా నాయన కటింగ్ షాపుల అద్దం ముక్కలుంటయ్ మేడం, గుండ్రంగ కోపిచ్చుక రావాల్నా?” అన్నాడు. తండ్రి చేసే పని గురించి పది మందిలో చెప్పుకోవడానికి మన ఊళ్లలో ఇప్పటికీ కొందరు పిల్లలు ఎంత వెనుకాడతారో నాకు తెలుసు. వాడు మాత్రం అది సైన్సుకు పనికొచ్చే సామాను అన్నట్టే చెప్పాడు, తరగతి కూడా అట్లాగే విన్నది. సాదా అద్దం పుటాకార దర్పణంలా వెలుగును ఒక చోటికి కూడగట్టదని మేడం చెప్పారు. “అయినా చూద్దాం, తే” అన్నారు. రేపు తెస్తాడు. పని చేస్తుందో లేదో రేపు తెలుస్తుంది.

నేను ఆ గదిలో ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం నాకు ఆలస్యంగా అబ్బిన విద్య. మొన్న జూన్‌లో తెలుగు మేడం, తండా పిల్లలు ఇంట్లో వాడే లంబాడీ మాటలను తెలుగు లిపిలో రాయించి గోడపత్రికగా పెడతానని స్టాఫ్ మీటింగులో అడిగితే, ఆమె మాట పూర్తికాకముందే ‘ముందు సిలబస్ సంగతి చూడండి మేడం’ అన్నాను. తరువాత మూడు నెలలు ఆమె ఏ మీటింగులోనూ ఏమీ అడగలేదు. ఆమెతో పాటు ఇంకా ఎందరు అడగడం మానేశారో లెక్క తేలేది కాదు.

మధ్యాహ్నం భోజనం వేళ ఆ సంగతే మళ్లీ ముందుకు వచ్చింది. వారానికి మూడు రోజులు గుడ్డు పెడతాం, ఈరోజు గుడ్డు రోజు. నేను పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడితే వంటమ్మ నాకు అన్నం పెడుతూ, గొంతు తగ్గించి, “సార్, ఏడో తరగతి తండా పిల్ల గుడ్డు తీస్కుంటలేదు, వారమాయె. పళ్లెం తీస్కపోయి ఒక్కతే చెట్టు కింద కూసుంటది. కొత్తగ వచ్చిన పిల్ల, ఆమె మాట యాసకు నవ్వుతున్నరు” అన్నది. బడిలో ఎవరు ఒంటరి అయ్యారో అందరికంటే ముందు వంటమ్మకే తెలుస్తుంది, ఆమెను మాత్రం ఏ మీటింగుకూ పిలవం. నేను వెళ్లి పలకరించి ఉంటే ఆ పిల్ల ఇంకా ముడుచుకునేదేమో, అందుకే తెలుగు మేడంకు చెప్పాను. జూన్‌లో వద్దన్న పని ఇప్పుడు మొదలుపెట్టండని కూడా, ఈసారి నేనే అడిగాను. ఆమె వెంటనే సరేననలేదు. “మరి సిలబస్ సార్?” అన్నారు, నవ్వకుండా. ఆ మాట నాకు తగలవలసిన చోటనే తగిలింది. తరువాత ఆమే చెట్టు కిందికి పోయి, పళ్లెంతో ఆ పిల్ల పక్కన కూర్చొని, అన్నాన్ని, నీళ్లను, అమ్మను వాళ్ల భాషలో ఏమంటారో అడుగుతుండగా దూరం నుంచి చూశాను. ‘యాడి’ అన్న మాట ఒక్కటే వినిపించింది. గుడ్డు తిన్నదో లేదో గమనించలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక స్టాక్ రిజిస్టరు తీశాను. సూక్ష్మదర్శినులు మూడు. వాటికి ఎదురుగా రిమార్కుల గడిలో ఏటా ఒకే మాట ఉంది, చేతిరాతలు మారాయి, మాట మారలేదు: ‘బాగున్నది’. నేను చేసిన మొదటి సంతకం పైన కూడా అదే మాట ఉంది. బీరువా తెరవకుండానే రాశానని నాకు జ్ఞాపకం. ఈరోజు తేదీ వేసి దాని కింద రాశాను: ‘ఒకదాని దర్పణం 8వ తరగతి విద్యార్థులు ఉల్లిపొర కణాలను పరిశీలిస్తుండగా పగిలినది. బాగు చేయుచున్నారు.’ సంతకం చేశాక ఇంకుపెన్ను మూత పెట్టి, రిజిస్టరు మూయకుండా, సిరా ఆరేదాకా బల్ల మీద అట్లాగే ఉంచాను.