ఓడలు కనబడని రేవు

పొద్దున్నుంచీ సన్నటి వాన. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏప్రిల్ అంటే ఇంతే, ఆరేసిన బట్టలు ఆరవు, గోడలకి చెమటలు పడతాయి. కాంటన్ ఫెయిర్ అనే ఇక్కడి వ్యాపార సంతకని (కాంటన్ ఈ ఊరి పాత పేరు) రాజమండ్రి నుంచి వచ్చిన మా బావ మొదటి విడతలో లైట్లు చూసేశాడు, వంటింటి సామాను రెండో విడతలో, మధ్యలో ఖాళీ. ఊరు చూపించరా అన్నాడు. 1957 నుంచీ ఏటా రెండుసార్లు జరిగే ఈ సంతకి వచ్చినవాళ్లలో చాలామంది సంత జరిగే పజౌ హాళ్లూ హోటల్ గదీ తప్ప ఇంకేమీ చూడకుండానే విమానం ఎక్కేస్తారు, అది నాకు భలే చిరాకు.

ముందు టీ తాగడానికి తీసుకెళ్లాను. ఇక్కడ పొద్దుటి టీ అంటే గంటలు పట్టే వ్యవహారం, పెద్దవాళ్లు పేపరు తెచ్చుకుని మరీ కూర్చుంటారు. మొదట పోసిన టీతో గిన్నెలూ కప్పులూ కడిగి ఆ నీళ్లు పక్కన పారబోయాలి. ఎవరైనా మన కప్పులో పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తట్టాలి, అదే థాంక్స్. కెటిల్ మూత పక్కకి జరిపి పెడితే వేడినీళ్లు కావాలని అర్థం, అరిచి పిలవక్కర్లేదు. బావ శాకాహారి కాబట్టి ఏమీ నింపని చెంగ్‌ఫన్ చెప్పాను, బియ్యప్పిండి జారుగా కలిపి రేకులో పోసి ఆవిరి మీద తీసే పల్చటి పొర, పైన సోయా సాస్. "మన ఆత్రేయపురం పూతరేకు వానలో తడిసినట్టుందిరా" అంటూనే రెండు ప్లేట్లు లాగించాడు. బిల్లు ఫోన్‌లో అలీపే అనే చెల్లింపు యాప్‌తో కట్టాడు, మన కార్డు ఇంటి దగ్గరే లింక్ చేసుకుని రమ్మని ముందే చెప్పి ఉంచాను. ఫోన్ రోమింగ్‌లో ఉంది కాబట్టి అక్కకి వాట్సాప్ కూడా చేసుకున్నాడు, ఇక్కడి వైఫైలో అయితే అది పనిచేయదు.

అక్కణ్నుంచి మెట్రోలో కల్చరల్ పార్క్ స్టేషన్‌కి. నది ఒడ్డున నిలబడి బావ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంత పెద్ద రేవు అన్నావు, ఓడలేవిరా?" న్యాయమైన ప్రశ్నే. పెద్ద ఓడలు ఇక్కడిదాకా ఎప్పుడూ రాలేదు. 1757 నుంచి 1842 దాకా చైనాతో సముద్ర వ్యాపారం చేయాలంటే పాశ్చాత్యులకి ఇదొక్కటే రేవు, అప్పుడు కూడా వాళ్ల ఓడలు సుమారు 20 కిలోమీటర్లు దిగువన హువాంగ్‌పూ దగ్గర లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల్లో వచ్చేది. దొరలకి ఊరి గోడ లోపలికి ప్రవేశం లేదు, గోడ బయట ఒడ్డున పదమూడు కొఠీల్లోనే, అంటే వ్యాపారానికి ఇచ్చిన ఇళ్లలోనే ఉండాలి, సీజను అయిపోగానే మకావు వెళ్లిపోవాలి, ఆడవాళ్లని తీసుకురాకూడదు. టీ, పట్టు, పింగాణీ ఇక్కణ్నుంచి పోయేవి, మన దేశంలో పండిన నల్లమందు ఇక్కడికి దొంగచాటుగా వచ్చేది, దాని మీదే యుద్ధం జరిగింది. బొంబాయి పార్సీ వర్తకులు కూడా అందులో బాగానే సంపాదించారు. కొఠీలు 1856లో తగలబడిపోయాయి, ఇప్పుడక్కడ పార్కు, ముసలివాళ్లు పేకాడుకుంటున్నారు. కంటైనర్ల రేవు ఇంకా దిగువకి, నది సముద్రంలో కలిసే నాన్‌షా దాకా జరిగిపోయింది.

పక్కనే షామియాన్ దీవి. కొఠీలు కాలిపోయాక బ్రిటిష్, ఫ్రెంచి వాళ్లు కాలువ తవ్వించి ఊరి నుంచి విడదీసుకున్న ఇసుక దిబ్బ. ఇప్పుడు మర్రిచెట్ల కింద పెళ్లి ఫొటోలు, అంతకంటే చెప్పేదేమీ లేదు.

కాలువ దాటితే చింగ్‌పింగ్ మందు దినుసుల బజారు, నాకు ఊరంతటిలోకీ ఇష్టమైన చోటు. గోనె సంచుల్లో ఎండు సముద్రగుర్రాలు, బిళ్లలుగా కోసిన జింక కొమ్ములు, జిన్సెంగ్ వేర్లు. ఎండిన కమలాతొక్కలు గాజు సీసాల్లో, తొక్క ఎంత పాతబడితే ధర అంత పెరుగుతుంది. ఒక కొట్టు ముందు బుట్టలో గోధుమ రంగులోకి తిరిగిన పువ్వులు చూసి బావ ఆగిపోయాడు, ఒకటి తీసి రేకలు విడదీసి చూసి "ఇది బూరుగు పువ్వు కదరా!" అన్నాడు. అవును, ఈ ఊరి అధికారిక పుష్పం అదే, చెట్టు కింద రాలినవి ఏరి ఎండబెట్టి సూపులో వేసుకుంటారు. మనం దూది కోసం తప్ప దాని జోలికి పోలేదని బావకి తెగ ఆశ్చర్యం, పావుకిలో కొన్నాడు, అక్క ఏం చేస్తుందో చూడాలి.

సాయంత్రం వాటర్ బస్సెక్కాం. 600 మీటర్ల కాంటన్ టవర్ రంగులు మారుతూ కనిపించింది, పైకెక్కుదామా అన్నాను. టికెట్ ధర ఫోన్‌లో చూసి, రూపాయల్లోకి మార్చి, "కింద నుంచి చూస్తే డబ్బులడగరుగా" అన్నాడు.