గార్డు గారి తెల్లచొక్కా

నవంబరులో మా రాజమండ్రి బ్యాంకు బ్రాంచి ఎలా ఉంటుందో ప్రతి ఏడూ రాస్తూనే ఉంటాను కాబట్టి మళ్ళీ మొదటినుంచీ చెప్పను. పెన్షన్ తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్లు, దానికి తోడు సోమవారం, అందులోనూ కార్తీక సోమవారం. పొద్దున్నే పుష్కరఘాట్‌లో మునిగి, దీపాలు వదిలి, తడి జుట్టుతో సగంమంది నేరుగా బ్యాంకుకే వచ్చేశారు. షట్టరు ఎత్తేసరికే మెట్ల నిండా జనం. ఇంట్లో అత్తయ్యగారు నక్షత్రం చూసేదాకా ఏమీ ముట్టరు, మూడింటి నుంచీ ఆవిడ మాట ఎలా ఉంటుందో మీకు తెలుసు, అది వదిలేద్దాం. నేను రాయడానికి కూర్చుంది ఒక ఫొటో గురించి. లైటు తీసేసి పడుకున్నాక కూడా కళ్ళముందు నుంచి పోవట్లేదు.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. బ్రాంచిలో అందరం గార్డు గారనే అంటాం. పాత హేవలాక్ వంతెన మీద 1997 దాకా రైళ్ళు తిరిగేవి కదా, దాని మీద గూడ్సు బండి వెళ్తుంటే గార్డు కూర్చునే బ్రేకు వ్యానులోంచి గోదారి ఎలా కనపడేదో ఆయన చెప్తుంటే టోకెన్ల సంగతి కూడా మర్చిపోతాం. ఎనభై రెండేళ్ళు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తప్ప ఇంకో రంగులో నేనాయన్ని చూడలేదు. కూర్చోండి గార్డు గారూ అంటే, "మా వంతు రానీయండమ్మా" అని నిలబడే ఉంటారు. ఎనభై దాటినవాళ్ళు నవంబరు దాకా ఆగక్కర్లేదు, అక్టోబరు ఒకటి నుంచే ఇవ్వచ్చు అని పోయినేడాది నేనే చెప్పాను, అయినా అందరితోపాటే వస్తారు. పోస్ట్‌మాన్ ఇంటికే వచ్చి 70 రూపాయలకి చేసి వెళ్తాడండీ అన్నా కూడా, "ఈ వంకనైనా నలుగురూ కనపడతారు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇవాళ దానవాయిపేట నుంచి ఎండలో నడిచి వచ్చారు. కౌంటరు దగ్గరకొచ్చేసరికి జేబు కింద ఇంత మేర నీలంగా పాకి ఉంది. ఇంకు పెన్ను కారింది. ముందు ఆయన చూసుకోలేదు. నేను చూశాను కానీ ఎలా చెప్పాలో తెలియక ఫారం మీదకి తల దించుకున్నాను, ఈలోపు ఆయనే చూసుకున్నారు. ఉత్తరీయం తీసి దాని మీదకి లాక్కున్నారు. అది జారుతుంది, మళ్ళీ లాక్కుంటారు. కుళాయి ఎక్కడుందమ్మా అని అడిగి వెళ్ళి తడిపి వచ్చారు. నీళ్ళు తగిలాక అది ఇంకా విచ్చుకుంది, అరచేతి కంటే పెద్దదైపోయింది. రాయల్ బ్లూ కాబట్టి ఉతికితే పోతుందండీ అన్నాను. "పోతుందమ్మా, కానీ ఇప్పుడు నలుగురిలో ఉన్నాంగా" అన్నారు.

తర్వాత వేలిముద్ర. కుడి బొటనవేలు, ఎర్ర లైటు. చూపుడు వేలు, ఎర్ర లైటు. వయసు పెరిగేకొద్దీ వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి, చర్మం పొడిబారుతుంది, మిషను పట్టుకోదు. 2014లో ఈ డిజిటల్ పద్ధతి వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి నవంబరులో చూస్తున్న తతంగమే. ఫోనులో మొహం చూపించి చేసే పద్ధతి కూడా ఉంది, ఆయనకి అదే చేద్దామంటే ఆ టైముకి సర్వరు తిరుగుతూనే ఉంది. లైటు ఎర్రగా వెలిగిన ప్రతిసారీ పెద్దవాళ్ళు వేలు పంచెకి తుడుచుకుని, సారీ అమ్మా అంటారు. నాకు అక్కడే ప్రాణం ఉసూరుమంటుంది. సారీ దేనికండీ?

అప్పుడు వచ్చాడు మా అటెండరు కుర్రాడు. ఏజెన్సీ తరఫున వచ్చినవాడు, మీకు ఇదివరకు రాశాను, వానాకాలంలో గొడుగులన్నిటికీ మూల తాడు కట్టినవాడు. ఆయన కుర్చీ పక్కన మోకాలి మీద కూర్చుని, ఒక తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో అద్ది, మిషను మీద పెట్టి పైనుంచి తన వేలితో మెల్లగా ఆనించాడు. గట్టిగా నొక్కితే ముద్ర చెదిరిపోతుంది, ఆ సంగతి వాడికి ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకున్నాడు. కుడిచెయ్యి అయిపోయింది. ఎడమచెయ్యి మొదలెట్టాడు. మధ్య వేలికి పచ్చలైటు వెలిగింది. "ఈ వేలు గుర్తెట్టుకోండి తాతగారూ, వచ్చే ఏడాది దీంతోనే మొదలెడదాం" అన్నాడు. వెనక క్యూలో ఉన్న మామ్మగారు కూడా నవ్వారు. ఇవాల్టి మొత్తం మీద నాకు బాగా నచ్చిన నిమిషం అదే. దానితోపాటు ఇంకోటి, గోల్డ్ లోన్ సీట్లో ఉండే మా కొలీగు తను ఉపవాసం ఉండి కూడా నా కోసం పెసరట్టు కట్టించుకొచ్చింది, మూడైనా నేను లేవకపోతే కౌంటరు దగ్గరకొచ్చి, "నువ్వు తినిరా, నేను చూస్తా" అని కుర్చీలో కూర్చుంది. ఇలాంటివి రోజూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటాయి, రాయను, రాయక్కర్లేదనిపిస్తుంది.

సాయంత్రం ఐదింటికి గ్రూపులో ఫొటో పడింది. వాడు మోకాలి మీద కూర్చుని ఉన్నాడు, గార్డు గారి వేలు పట్టుకుని ఉన్నాడు. ఉత్తరీయం ఆ క్షణానికే జారినట్టుంది. తెల్లచొక్కా, జేబు కింద ఆ నీలం అంతా. కళ్ళద్దాలు ముక్కు మీదకి దిగి, నోరు కొంచెం తెరుచుకుని, మిషను వైపు చూస్తూ ఆయన. మేనేజరు గారు క్యాబిన్‌లోంచి ఎప్పుడు తీశారో మాకెవరికీ తెలీదు. కింద సేవ, చిరునవ్వు అంటూ నాలుగు ముక్కలు, పూలబొమ్మలు. ఇక చూడండి, రెండు చేతులు జోడించిన బొమ్మలు, బొటనవేళ్ళు, చప్పట్లు. రీజినల్ గ్రూపుకి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికి వెళ్ళిందో.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆయన ఒక్క మచ్చ దాచుకోవడానికి అరగంట అవస్థ పడ్డారు. అడగాలిగా? ఒక్క మాట అడగడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన అకౌంట్లో ఎంత ఉందో బయటికి చెప్తే ఉద్యోగం పోతుంది, అంత జాగ్రత్తగా ఉంటాం. మరి ఆయన మొహానికి ఆ జాగ్రత్త లేదా? సాయం చెయ్యడం, దాన్ని ఫొటో తీయడం, ఈ రెండూ ఒకే పనిలో భాగమన్నట్టు ఎప్పుడు అయిపోయాయో నాకు అర్థం కావట్లేదు. అరటిపళ్ళు పంచినా ఫొటో, రక్తం ఇచ్చినా ఫొటో, మొక్క నాటితే మొక్క కంటే ముందు బ్యానరు. అందులో ఇచ్చేవాళ్ళందరూ కెమెరా వైపు చూస్తుంటారు, పుచ్చుకునేవాళ్ళొక్కరే తల దించుకుని ఉంటారు.

ఇది నాకెందుకింత గుచ్చుకుంటుందో తెలుసు. ఆరో తరగతిలో మా బళ్ళో అందరివీ ఇంకు పెన్నులే. బుడ్డి ఇంట్లో ఉండేది, పొద్దున్న నింపుకుని రావాలి, మధ్యలో అయిపోతే చుక్కలు అప్పు. నాలుగు చుక్కలు ఇస్తే రేపు నాలుగు తిరిగి ఇవ్వాలి, కొందరు లెక్క రాసుకునేవాళ్ళు కూడా. మా ఇంట్లో ఆ ఏడాది ఇంకు బుడ్డికి కూడా కటకటగా ఉండేది, నాన్నకి జీతం అందని రోజులు. ఒకరోజు డిక్టేషన్ మధ్యలో నా పెన్ను ఆగిపోయింది. పక్కనున్న పిల్ల ఏమీ అడక్కుండా తన పెన్ను మర విప్పి, నా గొట్టంలోకి చుక్క చుక్కగా వంచింది. ఒక్క చుక్క బల్ల మీద పడితే వేలితో తుడిచి జడకి రాసుకుంది, అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్ళం. లెక్క పెట్టలేదు, రేపిస్తావా అనీ అడగలేదు. నాకెంత హాయిగా అనిపించిందో. అది టీచరు గారు చూశారు. ఆ పిల్లని నిలబెట్టారు. ఎంత మంచి మనసో చూడండి, అందరూ చప్పట్లు కొట్టండి అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. "ఎవరికిచ్చావమ్మా?" అని నన్ను కూడా నిలబెట్టారు. నలభైమంది చప్పట్లు కొడుతుంటే నేను ఆ చుక్కల ఇంకు పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ తర్వాత ఆ పిల్లని ఇంకెప్పుడూ ఇంకు అడగలేదు. పెన్ను ఆగిపోతే పెన్సిలుతో రాసేదాన్ని. ఆ పిల్ల చేసిందేమీ లేదు, అయినా మా ఇద్దరి మధ్యా ఏదో పోయింది.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళాను, ఎందుకంటే గార్డు గారి పెన్ను వంటింటి గట్టు మీద గ్లాసులో నానుతోంది. వెళ్ళేముందు ఆయన చేతిలోంచి తీసుకుని, నేను బాగుచేసి ఇస్తానండీ, శుక్రవారం ఇటు రండి అన్నాను. నా పెన్నుల పిచ్చి మీకు కొత్త కాదు, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి అదేమంత వింతా కాదు. కె.వి. రత్నం గారు చేసిన పెన్ను అందుకుని గాంధీగారు 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది ఈ ఊరికే. నాన్న ఇచ్చిన రత్నం పెన్ను నా డబ్బాలో అన్నిటికంటే కింద, మెత్తటి గుడ్డలో ఉంటుంది. గార్డు గారిది ఎవరు చేసిందో తెలీదు, క్యాపు మీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. ఎబొనైట్‌దే, అంటే గట్టిపరిచిన రబ్బరు, నలుపు పోయి గోధుమరంగుకి తిరిగింది, ఎండకి అలా అవుతుంది. పెన్నులో జబ్బేమీ లేదు. గొట్టంలోకి నేరుగా ఇంకు పోసుకునే పెన్నులన్నిటికీ ఉన్న గుణమే, ఇంకు అడుగుకి వచ్చాక లోపల గాలి ఎక్కువవుతుంది, ఎండకో ఒంటి వేడికో ఆ గాలి ఉబ్బి ఇంకుని ముందుకి తోస్తుంది, పాళీలోంచి గుబుక్కున కక్కేస్తుంది. అందుకే సగానికి తగ్గకుండా నింపుకోవాలి. మరలు కూడా కొంచెం వదులైనట్టున్నాయి, సిలికాన్ గ్రీజు సన్నగా రాస్తే సరిపోతుంది.

పాళీ ఊడదీసి చన్నీళ్ళలో వేశాను. వేణ్ణీళ్ళు తగిలితే ఎబొనైట్ ఇంకా రంగు మారుతుంది. ముందు నీలం దారాల్లా దిగింది, తర్వాత నీళ్ళన్నీ నీలమైపోయాయి, వంపి మళ్ళీ పోశాను, మళ్ళీ నీలం. పాళీ మొన భూతద్దంలో చూస్తే ఎడమపక్కకి అరిగి ఉంది. ఆయన పెన్ను కాస్త వాల్చి రాస్తారన్నమాట. అందుకే ఒకరి పెన్నుతో ఇంకొకరు రాయకూడదంటారు. నేను రెండు గీతలు మాత్రం గీసి, పారుతోందో లేదో చూసి ఆపేస్తాను. ఈ పని చేస్తున్నంతసేపూ అత్తయ్యగారి విసుగూ వినపడదు, బుజ్జి హోంవర్కూ గుర్తుకు రాదు.

అయితే గట్టు దగ్గర నిలబడి ఉండగానే, పైన రాసినదంతా ఒకవైపే రాశానేమో అనిపించింది. ఆరింటికి బ్రాంచి మూసేముందు ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, చూశారా? మా అమ్మకి పంపాను. ఆవిడకి ఫోను సరిగ్గా కనపడదు, మా చెల్లి చదివి చెప్పిందంట, ఏడ్చేసిందంట" అన్నాడు. వాడి మొహం అలా వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మార్చిలో ఏజెన్సీ కాంట్రాక్టు మారుతుంది, కొత్తవాళ్ళు వీణ్ణి ఉంచుతారో లేదో తెలీదు, రీజినల్ ఆఫీసులో నలుగురికి మొహం తెలిస్తే వాడికి ఒక ఆసరా. అది తెలిసే మేనేజరు గారు పంపారేమో కూడా. ఆయన చెడ్డవారు కాదు, ఈ నెలంతా మాతోపాటు ఏడింటి దాకా ఉంటున్నారు. వాడు చేసే పని ఎవరికీ కనపడకుండానే ఉండాలి, అదే గొప్ప, అని నేను అనుకోవడం సుఖంగా ఉంటుంది. నాకు పర్మనెంటు ఉద్యోగం ఉంది. వాడికి లేదు. మంచితనం గుప్తంగా ఉండాలని వాడికి చెప్పే హక్కు నాకెక్కడిది?

ఆ పిల్ల కూడా గుర్తొచ్చింది మళ్ళీ. వాళ్ళింట్లో ఐదుగురు ఆడపిల్లల్లో నాలుగోది. చదువులో ఎప్పుడూ వెనకే. ఆ ఏడాది మొత్తంలో టీచరు తనని మెచ్చుకోగా నేను చూసింది ఆ ఒక్క రోజే. ఆ చప్పట్లు వద్దని ఎలా అంటాను? కానీ నన్ను నిలబెట్టకపోతే పోయేదేముంది?

ఈ గోలంతా మా ఆయనకి చెప్తే, దుప్పట్లోంచే, "మొహం కత్తిరించేస్తే పోలా, వాడి మొహం, రెండు చేతులు, మిషను ఉంటే చాలుగా" అన్నారు. నిజమే, చాలు. గ్రూపులో ఉన్నది తీసేసి అలా కత్తిరించింది పెట్టచ్చు, మిగతాచోట్లకి వెళ్ళినవి మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. ఇంత సులువైన మాట నాకు ఎందుకు తోచలేదంటే, నాకు ఫొటో పోవడం కంటే మేనేజరు గారు చేసింది తప్పని ఒప్పుకోవడం ముఖ్యమైపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది కొంచెం.

గార్డు గారికి ఫొటో చూపించాలా వద్దా అన్నది కూడా తేల్చుకోలేక ఇంతసేపూ కొట్టుకున్నాను. చూపిస్తే బాధపడతారేమో, చూపించకపోతే మనవడి ఫోనులో ఎక్కడో చూస్తారేమో. చూపిస్తాను. శుక్రవారం పెన్ను చేతికిచ్చి, ఇంకు నింపి సంతకం పెట్టించుకుని చూసుకున్నాక, కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తాను. ఆ కుర్రాణ్ణి కూడా పక్కన ఉంచుకుని, వాడి కాంట్రాక్టు సంగతి కూడా చెప్పి అడుగుతాను. ఉండనీయమ్మా అంటే ఉంటుంది, ఇక దాని గురించి మాట్లాడను. తీసెయ్యమంటే మాత్రం ఆ పూటే క్యాబిన్‌లోకి వెళ్ళి, గ్రూపులోంచి పోయేదాకా మేనేజరు గారి టేబుల్ ముందు నుంచి కదలను.