ర్యోఆన్‌జీ రాళ్ల తోట - నా అనుభవం

జపాన్‌లో క్యోటో వెళ్లేవాళ్లెవరైనా ర్యోఆన్‌జీ గుడిలో కాసేపు ప్రశాంతంగా కూర్చుందాం అనుకుంటుంటే ముందు టైం చూసుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది. మార్చి నుంచి నవంబర్ దాకా పొద్దున 8కి తెరుస్తారు, చలికాలంలో 8:30కి. నేను రాండెన్ అనే బుల్లి ట్రైన్ ఎక్కి ర్యోఆన్‌జీ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్లి తెరిచే టైంకల్లా గేటు దగ్గరున్నా. టికెట్ 600 యెన్లు.

లోపల పెద్ద చెరువు ఉంది, బాగుంటుంది గానీ అక్కడ ఆగకుండా ముందు తోటకే వెళ్లిపోండి. చెప్పులు విప్పి చెక్క వసారా ఎక్కితే ఎదురుగా అదే, 25 మీటర్ల పొడుగు 10 మీటర్ల వెడల్పు, అంతా తెల్ల కంకర, 15 రాళ్లు, వాటి మొదట్లో కాస్త నాచు. ఒక్క చెట్టు లేదు. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒక రాయి దాక్కుంటుంది, 14 మాత్రమే కనిపిస్తాయి, ఇది అందరికీ తెలుసు కాబట్టి వచ్చినవాళ్లు వచ్చినట్టే వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెడతారు. నేనూ లెక్కపెట్టా. ఈ తోట ఎవరు చేశారో, ఏ ఉద్దేశంతో చేశారో తేలలేదంట, ఆ రాళ్లని చూసి తల్లి పులి తన పిల్లల్ని ఏరు దాటిస్తోందని ఒకరంటారు, సముద్రంలో దీవులని ఇంకొకరు. నాకైతే రాళ్లే కనపడ్డాయి, అబద్ధం ఎందుకు.

ధ్యానం గీనం ఏం కుదర్లేదు. ఆఫీస్ మెయిల్స్, హోటల్ చెకౌట్, ఇంటికి ఫోన్ చేయలేదన్న సంగతి, అన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి, కానీ ఎదురుగా చూడ్డానికి కొత్తగా ఏమీ లేకపోయేసరికి కాసేపటికి అవీ అయిపోయాయి. అప్పుడు చూశా, కంకర మీద గీతలు అంతా తిన్నగా వచ్చి రాయి దగ్గరకి రాగానే గుండ్రంగా తిరుగుతున్నాయి, ముగ్గులో చుక్క చుట్టూ గీత తిప్పినట్టు. వెనక మట్టిగోడ మీద గోధుమరంగు మరకలున్నాయి, మట్టిలో కలిపిన నూనె ఇన్నేళ్లుగా పైకి ఊరి అలా అయిందంట. ఆ గోడ ముందే ఎక్కువసేపు కూర్చున్నా, రాళ్ల కంటే అదే నచ్చింది.

తర్వాత టూర్ గ్రూపులు దిగాయి, గైడ్ మైకులు, సెల్ఫీలు, ఇక లేచేశా. కింకాకుజీ బంగారు గుడి అక్కణ్ణుంచి ఇరవై నిమిషాల నడకే, అది 9కి గానీ తెరవరు, ఎప్పుడెళ్లినా జనమే కాబట్టి దాన్ని రెండోది పెట్టుకోండి.