ఓటరు చీటీ మీది బూత్ నంబరు: నిర్ణయానికీ, కౌంటింగ్ రోజుకీ

పోలింగ్‌కి ముందు బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) ఇచ్చి వెళ్లే ఓటరు చీటీని ఓటేసి రాగానే పారేస్తుంటాం. దాని మీద పోలింగ్ కేంద్రం నంబరు, అంటే పార్ట్ నంబరు ఉంటుంది. ఎవరికి వేయాలో తేల్చుకునేటప్పుడూ, కౌంటింగ్ రోజు టీవీలో కనిపించే ఆధిక్యాల్లో ఏది నమ్మాలో చూసుకునేటప్పుడూ అదే పనికొస్తుంది. చీటీ గుర్తింపు పత్రం కాదు. ఓటుకి ఓటరు కార్డో, ఆధార్ వంటి మరో అనుమతి ఉన్న పత్రమో పట్టుకెళ్లాలి. చీటీని మాత్రం ఫలితాలు వచ్చేదాకా దాచండి.

మొదట నిర్ణయం సంగతి. మనకి, అంటే ఆంధ్రప్రదేశ్‌లో, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు ఒకేసారి వస్తాయి. గులాబీ రంగు బ్యాలెట్ పత్రం ఉన్నది అసెంబ్లీకి, తెల్లది లోక్‌సభకి. రెండు మెషీన్లు, రెండు ఓట్లు, రెండు వేరు వేరు ప్రశ్నలు. విశాఖ లోక్‌సభ కిందికి శృంగవరపుకోట, భీమిలి, తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక వస్తాయి. పెందుర్తి వాళ్లు నగరంలోనే ఉన్నట్టు అనుకుంటారు గానీ, ఎంపీ ఓటు మాత్రం అనకాపల్లికి వేస్తారు. పెందుర్తిలో ఉంటూ విశాఖ ఎంపీ అభ్యర్థుల గురించి వారం రోజులు ఆరా తీస్తే ఆ శ్రమంతా వృథా.

ఒక కాగితం తీసుకుని మీకు ముఖ్యమైన మూడు నాలుగు విషయాలు రాయండి. ఏది ఎవరి చేతిలో ఉందో పక్కనే రాయండి. ఉక్కు కర్మాగారం, రైల్వే జోన్ కేంద్రం పరిధిలోవి కాబట్టి ఎంపీ అభ్యర్థిని అడగాలి. పంచగ్రామాల భూసమస్య (సింహాచలం దేవస్థానం భూముల వివాదం), ప్రభుత్వ ఆసుపత్రి, బడి రాష్ట్రానివి, అంటే ఎమ్మెల్యే అభ్యర్థి సమాధానం చెప్పాలి. వీధిలో కాలువ పూడిక, చెత్త జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పని, దానికి కార్పొరేటర్ ఎన్నిక వేరే ఉంటుంది. కాలువ మీద కోపం ఎంపీ ఓటులో చూపిస్తే ఆ కోపం ఎవరికీ చేరదు.

ఈ రెండింటినీ విడదీసి ఆలోచించే ఓటర్లు విశాఖలో ముందునుంచీ ఉన్నారు. 2019లో తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ నాలుగు అసెంబ్లీ స్థానాలూ తెలుగుదేశం గెలిచింది. అదే రోజు అదే ఓటర్లు వేసిన లోక్‌సభ ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి 4,36,906తో గెలిచారు, తెలుగుదేశం అభ్యర్థికి 4,32,492 వచ్చాయి. తేడా 4,414. ఏడు నియోజకవర్గాలకి పంచితే ఒక్కోదానికి సుమారు 630. నియోజకవర్గానికి 250 బూత్‌లు అనుకుంటే బూత్‌కి రెండు మూడు ఓట్లే. ఒక ఇంట్లో భార్యాభర్తలూ, పెద్దావిడా వెళ్లారా లేదా అన్నంత తేడా అది.

అభ్యర్థుల గురించి చదవాల్సింది కరపత్రం కాదు, ఫారం 26 అఫిడవిట్, అంటే నామినేషన్‌తో అభ్యర్థి ఇచ్చే ప్రమాణపత్రం. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. చాలామంది ఆస్తి మొత్తం చూసి మూసేస్తారు. నా లెక్కలో అంతకంటే ముఖ్యమైనవి రెండు: ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు, పెండింగ్ కేసుల పట్టిక. కేసుల్లో సెక్షన్ నంబర్లు చూడండి. ధర్నాలో పెట్టిన కేసూ, మోసం కేసూ సంఖ్యలో ఒకటిగానే కనిపిస్తాయి, స్వభావం పూర్తిగా వేరు. అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్న గడి కూడా ఉంటుంది. కేసులున్న అభ్యర్థి ఆ వివరాలని ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ప్రకటించాలి. పత్రికలో చిన్న అక్షరాల ప్రకటనలు వదిలేయకండి.

పోలింగ్ ముందు రోజు మీ అభ్యర్థుల వరుస నంబర్లు రెండూ గుర్తుపెట్టుకోండి. 2024లో విశాఖ లోక్‌సభకి 33 మంది పోటీ చేశారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి, నోటా కూడా అందులోదే. 33కి నోటా కలిపితే 34, అంటే మూడు యూనిట్లు పక్కపక్కన. ఇంటిపేరో, పేరో కలిసే స్వతంత్రులు, ఒకేలా కనిపించే గుర్తులు ఉన్నప్పుడు తడబడేది ఇక్కడే. మీట నొక్కాక వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ ముద్రించే యంత్రం) అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, ఆ ఏడు సెకన్లూ అక్కడే చూడండి.

ఇక కౌంటింగ్. ఓట్ల లెక్కింపు పొద్దున్న ఎనిమిదికే మొదలవుతుంది. కాబట్టి అసలు పని ముందు రాత్రి చేసుకోవాలి.

లెక్కింపు హాల్లో సాధారణంగా నియోజకవర్గానికి 14 టేబుళ్లు ఉంటాయి. మొదటి రౌండులో 1 నుంచి 14 బూత్‌లు, రెండో రౌండులో 15 నుంచి 28, ఇలా వరుసగా. మీ బూత్ నంబరుని 14తో భాగించండి. శేషం ఉంటే వచ్చిన అంకెకి ఒకటి కలపండి, అదే మీ రౌండు. శేషం మీ టేబుల్ నంబరు. 143వ బూత్ అయితే పదిసార్లు పోయి 3 మిగులుతుంది: పదకొండో రౌండు, మూడో టేబుల్. 140 అయితే శేషం లేదు: పదో రౌండు, పద్నాలుగో టేబుల్. లెక్క తప్పేది రెండు చోట్ల. అదనపు బూత్‌లు 87ఏ లాగా మధ్యలో వస్తే ఆ తర్వాతవన్నీ ఒక్కో టేబుల్ జరుగుతాయి. కొన్ని నియోజకవర్గాలకి టేబుళ్లు పెంచుతారు. ఎన్ని టేబుళ్లు, ఎన్ని రౌండ్లు అన్నది ముందు రోజు పత్రికల జిల్లా పేజీలో వస్తుంది, అది చూశాకే భాగించండి.

తర్వాత గత ఎన్నిక ఫారం 20 దింపుకోండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా ఉంటుంది. బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది. 14 బూత్‌లు కలిపి ఒక్కో రౌండుకి గత ఆధిక్యం రాసుకోండి. పక్కనే ప్రాంతం పేరు, ఆ పక్కన ఈసారి అంకెకి ఖాళీ గడి. గంటన్నర పని. ఓటర్ల సంఖ్యని బట్టి బూత్‌లు విడగొట్టి, కలిపి మళ్లీ నంబర్లు వేస్తుంటారు. అందుకని నంబరుని నంబరుతో పోల్చకండి, బూత్ ఉండే బడి పేరు చూసి పోల్చండి.

ఇంత శ్రమ ఎందుకంటే, తొలి రౌండ్ల ఆధిక్యం ఆ ప్రాంతానిదే తప్ప నియోజకవర్గానిది కాదు. భీమిలిలో పద్మనాభం, ఆనందపురం పల్లెలూ ఉన్నాయి, మధురవాడ అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. ముందు ఏవి తెరిస్తే ఆధిక్యం ఆ రంగులో కనిపిస్తుంది. మూడో రౌండుకి ఒకరు 2,000 ముందున్నారంటే దానంతట అది ఏమీ చెప్పదు. అవే బూత్‌ల్లో గతంలో అదే పార్టీకి 5,000 ఆధిక్యం ఉంటే, ఆ అభ్యర్థి నిజానికి కష్టాల్లో ఉన్నట్టు. మీ పట్టికలో ఆ ఖాళీ గడి ఇందుకే.

మిగిలిన ఓట్ల లెక్క కూడా నేర్చుకోదగ్గది. బూత్‌కి సగటున 750 ఓట్లు పడ్డాయనుకుంటే ఒక రౌండు 10,500. ఆరు రౌండ్లు మిగిలి 5,000 ఆధిక్యం ఉంటే, మిగిలిన 63,000లో వెనకబడ్డ అభ్యర్థి నూటికి ఎనిమిది ఓట్లు ఎక్కువ తెచ్చుకుంటే సరిపోతుంది. అది సాధ్యమే. ఒక్క రౌండే మిగిలితే నూటికి 48 ఎక్కువ కావాలి, అది దాదాపు జరగదు. చివరి రౌండు నిండుగా ఉండకపోవచ్చు. 257 బూత్‌లు ఉంటే పద్దెనిమిది రౌండ్లు నిండుగా, పందొమ్మిదో దాంట్లో అయిదే బూత్‌లు. 2019లో విశాఖ ఉత్తరం 1,944 ఓట్లతో తేలింది. అలాంటి చోట ఆ అయిదు బూత్‌లు ఏ ప్రాంతానివో తెలియాలి.

ఎనిమిదికి మొదలయ్యేవి పోస్టల్ బ్యాలెట్లు. అరగంట తర్వాత ఈవీఎంలు. పోస్టల్ ఓట్లు నెమ్మదిగా సాగుతాయి. సైన్యంలో ఉన్న మనవాళ్ల కవర్ల మీద క్యూఆర్ కోడ్లు ఒక్కొక్కటీ స్కాన్ చేయాలి, ప్రతి కవర్లో 13ఏ ప్రకటన (ఈ ఓటు తానే వేశానని ఓటరు ఇచ్చే పత్రం) ఉందో లేదో, దాని మీద సంతకాలు ఉన్నాయో లేదో, వరుస సంఖ్య లోపలి కవరుతో కలిసిందో లేదో చూడాలి. ఏది తప్పినా ఆ ఓటు చెల్లదు. పోస్టల్ లెక్క పూర్తి కాకుండా ఈవీఎంల చివరి నుంచి రెండో రౌండు మొదలుపెట్టకూడదని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం చెప్పింది. కాబట్టి చివర్లో లెక్క కాసేపు ఆగినట్టు కనిపిస్తే కంగారు పడకండి. పోస్టల్ ఓట్లు ఉద్యోగులవీ, సైనికులవీ, ఇంటి నుంచి వేసిన పెద్దవాళ్లవీ. వాటిని బట్టి నియోజకవర్గమంతటినీ అంచనా వేయడం తప్పు.

ఎనిమిదింబావుకి వాట్సాప్‌లో తిరిగే అంకెలు నమ్మవద్దు. ఏజెంట్లు లోపలికి ఫోన్లు తీసుకెళ్లలేరు. ఒక రౌండు ప్రకటించాలంటే 14 టేబుళ్లూ పూర్తవ్వాలి, పరిశీలకుడు కొన్ని మెషీన్లు తనిఖీ చేయాలి, రిటర్నింగ్ అధికారి సంతకం పెట్టాలి. అప్పుడే ఎన్నికల సంఘం ఫలితాల పేజీలోకి ఎక్కుతుంది. టీవీ అంకె, పేజీ అంకె వేరుగా ఉంటే పేజీలో ఎన్నో రౌండు దాకా ఎక్కిందో చూడండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. లోక్‌సభకి ఇంకో చిక్కు: ఏడు నియోజకవర్గాలు ఒకే వేగంతో సాగవు. ఒకటి పన్నెండో రౌండులో ఉంటే ఇంకోటి ఏడులో ఉంటుంది. మొత్తం ఆధిక్యం చూసేముందు ఎవరు వెనకబడి ఉన్నారో చూడాలి.

మెషీన్ లెక్క ఫారం 17సీలోని పోలైన ఓట్లతో కలవకపోతే, నమూనా పోలింగ్ ఓట్లు తుడవడం మర్చిపోతే, దాన్ని పక్కన పెడతారు. గెలుపు తేడా అలాంటి మెషీన్లలోని ఓట్ల కంటే తక్కువైతే వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తారు. అన్ని రౌండ్లూ అయ్యాక లాటరీ తీసి అయిదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కించడం తప్పనిసరి, ఒక్కోదానికి గంట దాకా పట్టవచ్చు. 2024లో గాజువాకలో 95,235 ఆధిక్యం వచ్చింది. అంత తేడా ఉన్నా ఈ తంతు అయ్యాకే గెలుపు పత్రం ఇస్తారు.

2024లో లెక్కింపు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల ఆవరణలో జరిగింది. అక్కడే పెడితే మద్దిలపాలెం, చినవాల్తేరు, శివాజీపాలెం మీదుగా ఆసుపత్రికో, పరీక్షకో వెళ్లాల్సినవాళ్లు వేరే దారి ముందే చూసుకోవాలి. ఆ రోజు మద్యం దుకాణాలు మూసేస్తారు. కేంద్రం చుట్టూ వంద మీటర్ల లోపలికి వాహనం వెళ్లనివ్వరు.

ఫలితం తేలాక కొత్త ఫారం 20 వస్తుంది. మీ బూత్ వరుస చూడండి, అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకి ఒకటి. మీ వీధి ఎటు మొగ్గిందో నాయకులకి ఈ కాగితం వల్లే తెలుస్తుంది. మీరెవరికి వేశారో మాత్రం ఎవరికీ తెలియదు. తెలుస్తుందని బెదిరించేవాళ్ల మాట అబద్ధం. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది గట్టిగా చెప్పండి. ఆ వరుసలోని అంకెల్ని పాత చీటీ వెనకే రాసుకోండి. నంబరు మారవచ్చు కాబట్టి, పక్కనే బడి పేరూ గది నంబరూ కూడా.