చలికి మొరాయించే మారుతితో అనంతగిరి దాకా

జనవరి చలిలో పాత కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మారుతి 800 వేసుకుని అనంతగిరి వెళ్తానంటే ఇంట్లో అందరూ వద్దన్నారు. కానీ హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లే కదా, పైగా మొయినాబాద్ దాటాక చేవెళ్ల వైపు రోడ్డుకు రెండు పక్కలా గొడుగు పట్టినట్టుండే ఆ మర్రిచెట్ల కింద, అద్దాలు దించుకుని నెమ్మదిగా పోవడానికి ఈ బండే నాకిష్టం.

మెహదీపట్నంలో ఇంటి దగ్గరే సతాయించింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది, అంటుకోవడం లేదు. ఎలాగో లేచింది. చేవెళ్లలో టీ తాగి మళ్లీ తాళం తిప్పితే మాత్రం ఠక్కున స్టార్ట్! కొండెక్కి అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకున్నాం, మన మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అని పిల్లలకు చెప్పాం, రాత్రి అక్కడే ఉన్నాం.

తెల్లారి మంచులో మళ్లీ అదే గొడవ. బ్యాటరీ పోయిందన్నాడు మా బావ. సెల్ఫ్ అంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీ ఎందుకవుతుంది? వేడి మీద వెంటనే లేస్తోందంటే ప్లగ్గులు, కరెంటు దాదాపు బాగున్నట్టే. చలిలో మాత్రమే అవసరమయ్యేది చోక్. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరవదు, అందుకే చోక్ గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచుతుంది.

ఎయిర్ ఫిల్టర్ విప్పి, ఇంజిన్ ఆపే ఉంచి, టార్చ్ వేసి కార్బొరేటర్‌లోకి చూశా. బావను యాక్సిలరేటర్ తొక్కమంటే సన్నటి ధారగా పెట్రోల్ చిమ్మింది, అంటే ఫ్లోట్ చాంబర్‌లో, అదే కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలవుండే చిన్న గిన్నెలో, పెట్రోల్ ఉంది. (చాలా రోజులు కదలని బండిలో అది ఆరిపోతుంది. మెకానికల్ పంపు కాబట్టి ఇంజిన్ తిరిగితేనే మళ్లీ నిండుతుంది, కాసేపు సెల్ఫ్ కొట్టక తప్పదు, కానీ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టకండి.)

ఇప్పుడు కారు లోపలున్న చోక్ నాబ్ లాగమన్నా.

"మొత్తం లాగేశా బావా!"

ఇక్కడ చూస్తే గాలి దారిని మూసే చోక్ రేకు సగమే మూసుకుంది. కార్బొరేటర్ దగ్గర, నాబ్ నుంచి వచ్చే చోక్ కేబుల్‌ను పట్టుకునే స్క్రూ వదులై తీగ జారిపోతోంది. నాబ్ లోపలికి నెట్టించి, రేకు పూర్తిగా తెరిచి, తీగ కాస్త వదులుగా ఉంచి బిగించా. లాగితే ఈసారి పూర్తిగా మూసుకుంది. ఫిల్టర్ మళ్లీ పెట్టాకే సెల్ఫ్ కొట్టాం, ఎందుకంటే కార్బొరేటర్ ఒక్కోసారి మంట ఎదురు కొడుతుంది, తెరిచి ఉంచి ముఖం పెట్టడం చాలా ప్రమాదం.

వెంటనే లేచింది! ఆ శబ్దం వింటే ఎంత సంతోషమేసిందో.

ఇంజిన్ వేడెక్కేకొద్దీ చోక్ లోపలికి నెట్టేయాలి, లేదంటే ప్లగ్గులు మసిబారతాయి. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఓవర్ అయినట్టు, అంటే ఇంజిన్‌లోకి పెట్రోల్ మరీ ఎక్కువ పోయినట్టు, అప్పుడు చోక్ మొత్తం నెట్టేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి.

ఇంటి దగ్గర మెకానిక్ ఒకాయన కార్బొరేటరే మార్చాలన్నాడు. ఇక ఆ అవసరం లేదు, కేబుల్ మాత్రం కొత్తది వేయిస్తున్నా.