గుండ్రటి గుడ్డ మీద ఉత్తర సముద్రం

నెదర్లాండ్స్‌లోని హేగ్ సెంట్రల్ స్టేషన్‌లో దిగి జేస్ట్రాట్ వీధికి నడిచాను, పనోరమా మెస్‌దాఖ్ చూద్దామని. పనోరమా అంటే చూసేవాళ్ల చుట్టూ గుండ్రంగా నిలబెట్టిన ఒకే పెద్ద చిత్రం. 65వ నంబరు బయటికి మామూలు భవనమే. లోపల చీకటి నడవ, ఆపైన మెలికల మెట్లు. ఆ చీకటి ఊరికే పెట్టింది కాదు, వీధి కొలతలు కళ్లు మరిచిపోవాలి. మెట్లెక్కగానే ఇసుక దిబ్బ మీద తేలతాం. చుట్టూ బొమ్మలో 1881 నాటి స్ఖేవెనింగెన్ తీరం, హేగ్ పక్కనే ఉన్న సముద్రపు ఒడ్డు.

గీసింది హెండ్రిక్ విల్లెమ్ మెస్‌దాఖ్. 35 ఏళ్లొచ్చేదాకా బ్యాంకు పనిలో ఉన్న మనిషి, 1870లో పారిస్ సలోన్ అనే చిత్ర ప్రదర్శనలో అలల బొమ్మకు బంగారు పతకం కొట్టాడు. ఈ చిత్రం ఎత్తు సుమారు 14 మీటర్లు, చుట్టుకొలత 120. ముందు సైన్‌పోస్ట్ దిబ్బ మీద గాజు గొట్టంలో నిలబడి, కనిపించేదంతా గాజు మీదే గీసుకున్నాడు. చదును కాగితం మీద గీసింది గుండ్రంగా చుడితే తిన్నటి గీతలు వంగినట్టు కనిపిస్తాయి. గాజు గొట్టంతో ఆ చిక్కు మొదట్లోనే తీరింది. ఒక్కడి పని కాదు: బొమ్మలోని గుర్రపు దళం బ్రైట్నర్ అనే చిత్రకారుడి చేతిది. చిత్రకారిణి అయిన మెస్‌దాఖ్ భార్య సీంట్యె కూడా రంగులు వేసింది, తీరంలో తెల్ల గొడుగు కింద బొమ్మ వేస్తూ కనిపించేది ఆమే.

అసలు కిటుకు అంచుల్ని దాచడంలో ఉంది. పైఅంచుకి గొడుగులాంటి కప్పు అడ్డం, కిందంచుకి నిజం ఇసుక. నిజం ఇసుక ఎక్కడ ఆగి రంగు ఇసుక ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం. వెలుతురు పైకప్పు అద్దాల్లోంచి దిగుతుంది కాబట్టి మబ్బు పడితే బొమ్మలో సముద్రమూ నల్లబడుతుంది. చలికాలం సాయంత్రాలు వద్దు, మిట్టమధ్యాహ్నం మేలు. చూసీ చూడనట్టు ఒక చుట్టు తిరిగొస్తే ఏమీ దక్కదు, మబ్బు కదిలేదాకా ఒకేచోట నిలబడాలి.

ఒడ్డున ఉన్నవి అడుగు చదునైన పడవలు. అప్పట్లో అక్కడ రేవు లేదు. మన ఉప్పాడలో తెప్పల్ని ఇసుక మీదికి లాగినట్టే వాటినీ లాగేవారు, కాకపోతే గుర్రాలతో. 1894 తుపానులో పడవలు చాలా పగిలాక రేవు కట్టారు, 1904లో తెరిచారు. చిత్రం గీయించిన కంపెనీ 1886లో దివాలా తీస్తే మెస్‌దాఖే కొనుక్కున్నాడు. అదే లేకపోతే ఈ గుడ్డ ఏమయ్యేదో!

తర్వాత 1వ నంబరు ట్రామ్‌లో తీరానికి వెళ్లాను. ఇప్పుడు ఒడ్డున ముందుగా కంటబడే కుర్‌హౌస్ హోటల్ చిత్రంలో లేదు, అది తెరిచింది 1885లో. పాత చర్చి శిఖరం మాత్రం రెండుచోట్లా ఉంది.